కమాన్ కింద గంటసేపు

టంగ్. అగో, మళ్ళ కొట్టింది. నేను బండి కింద అట్టముక్క పరుచుకోని ఎల్లెలకల పండుకోని ఉన్న, ఆమె బయట పీట మీద కూసోని చిన్న సుత్తితోని కమాన్ పట్టీలు, అదే బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు, ఒక్కోటి కొట్టుకుంట వస్తున్నది. ఇక్కడి నుంచి నాకు ఆమె చెప్పులు, బుర్కా అంచు, సుత్తి పట్టిన చెయ్యి మణికట్టు దాంక, గంతే కనవడ్తది. ఆమె కొట్టిన ప్రతిసారి నాకు టంగ్ అనే వినవడ్తది, మధ్యాహ్నం సంది ఒకటే టంగ్, ఆమెకు మాత్రం దాంట్ల ఇంకేదో వినవడ్తది, ఆగుతది, తల జెర పక్కకు వంచుతది. ఆ వంచుడు నాకు కనవడకున్నా చెప్పగలుగుత, ఎందుకంటె అప్పుడు ఎడమ చెప్పు మడిమె లేస్తది. అదే నా ఏడుపు. నా పెండ్లానికి వినవడేది నాకు వినవడదు. ఖమర్ బీతోని నిఖా అయి ఇరవై ఆరేండ్లాయె, అండ్ల ఇరవై ఏండ్లు కమాన్ అంటె ఏందో ఆమె అడగలే, నేను చెప్పలే, పొద్దుగూకినంక నా అంగీకంటిన గ్రీజు వదిలించుడే ఆమెకు తెల్సిన కమాన్ పని. ఇప్పుడేమో నోవహు సారు ఫోన్ జేసి, కలీం భాయ్, ఈసారి అమ్మగారిని తీసుకురండి అన్నడు. ఈసారి. ఎంత మెత్తగ అన్నడో ఆ మాట, పప్పు బాగలేదని చెప్పలేక పచ్చడి అడిగినట్టు.

నోవహు సారుది చిలకలగూడ, రైల్వే ఆఫీసుల చేసి రిటైరైండు, ఇప్పుడు పెండ్లిళ్ళకు, చర్చి సభలకు జనరేటర్ పంపుతడు. ఆ జనరేటర్‌ని మోసే ట్రైలర్ ఇది, జీపు ఎనక తగిలించి గుంజుకపోయేది, నాలుగు చక్రాలు, రెండు ఇరుసులు ఒకదాని ఎనక ఒకటి దగ్గర దగ్గర. కాప్రా చెరువు కాడ ఆయన రేకుల షెడ్డుల ఉన్నం. రేపు సాయంత్రం సభ ఉన్నది, ఇయ్యాల చీకటిగాకముందు బండి బాగవడాలె. బండి రోగమేందంటె ఎడమపక్కకు ఒరుగుతది, జీపును ఒక దిక్కుకు గుంజుతది, ఎనక ఎడమ టైరు లోపలి అంచు అరుగుతది, ఆఖరికి ఎనక ఎడమ కమాన్ల మూడో పట్టీ పగుల్తది. ఉగాదికి ముంగట ఒకపారి పగిలింది, నేను మార్చిన. వానకాలంల మళ్ళ పగిలింది, మళ్ళ నేనే మార్చిన, ఈపాలి మందం పట్టీ ఏసి, ఇగ పగిలితె నా మీసం తీసేస్త సారు అన్న. మీసం ఉన్నది, పట్టీ పోయింది. అందుకే అమ్మగారు.

నాకు చెవి లేకుండె అని కాదు. ఉండె. రాణిగంజ్ల అల్లాఉద్దీన్ ఉస్తాద్ దగ్గర పని నేర్సుకున్నప్పుడు మా అందర్ల నా చెవే చెవి. మంచి పట్టీ మోగుతది, పగిలిన పట్టీ దగ్గుతది అంటుండె ఉస్తాద్, కండ్లు మూసుకోమని ఐదు పట్టీలు వరుసగ కొట్టి, దగ్గింది ఏదో చెప్పు అంటుండె, నేను ఎన్నడు తప్పలే. తర్వాత ముప్పై ఐదేండ్లు సమ్మెట దెబ్బలు. కుడి చెవి ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు, ఎడమది సుత సన్న చప్పుళ్ళను ఇడిసిపెట్టింది, మొదలు కుక్కర్ సీటి పోయింది, అటెన్క మా బిడ్డ అఫ్రీన్ ఫోన్ మోగుడు పోయింది, అటెన్క పట్టీ దగ్గుడు పోయింది. పద్మారావు నగర్ల చెవుల డాక్టర్ దగ్గరికి బీయే నన్ను గుంజుకపోయింది. చిన్న గదిల కూసోవెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినవడ్తె బటన్ నొక్కుర్రి అన్నది అద్దం అవతల ఉన్న పిల్ల. మెషిన్ ఎట్ల నడుస్తదో పట్టుకునుడే నా పని గదా, ఆ పిల్ల భుజం కదిలినప్పుడల్లా చప్పుడు వస్తదని రెండు నిమిషాల్ల పట్టేసిన. భుజం చూసుకుంట నొక్కిన. ఈ వయసుల ఇంత మంచి చెవులా అంకుల్ అన్నది ఆ పిల్ల. ఆ కాయితం తెచ్చి బీ చేతుల పెట్టి మీసం దువ్విన. ఎవన్ని మోసం జేసిన్నో ఇంటికొచ్చి అన్నం కాడ కూసున్నంక తెలిసింది. ఆ రోజు సంది ఆమె ఇంట్ల జెర గట్టిగ మాట్లాడుడు షురూ జేసింది. ఎందుకో చెప్పలే. చెప్పకపోవుడు గూడ నాకు మంటే.

టంగ్. ఇప్పుడు ముందు కమాన్ అయిపోయింది, ఎనక కమాన్ కాడికి పీట జరుపుకున్నది. నా చేతిల గూడ సుత్తి ఉన్నది, నేను సుత లోపలి నుంచి కొడ్తున్న, ఊకె, నోవహు సారు చూస్తడని. ఆయన స్టూలు మీద కూసోని ఛాయ్ తాగుకుంట ఆమె చేతి దిక్కే చూస్తున్నడు. కరోనా వచ్చిన ఏడు షురూ అయింది ఈ ముచ్చట. నా దుకాణంల పనిచేసేటోల్లు మూటలు గట్టుకోని వాళ్ళ వాళ్ళ ఊర్లకు పోయిన్రు, లైటు పట్టనీకి మనిషి లేడు, బీ వచ్చి పట్టింది. ఒక లారీ కమాన్ కొడ్తున్న, అన్ని బాగనే ఉన్నయి అన్న, లైటు పట్టుకున్నామె, అది పగిలింది అన్నది. నీకెట్ల తెల్సు అన్న. కుండ కొన్నప్పుడు ఏలుతోని కొట్టి చూడనా అన్నది. నేను ఎంత నవ్విన్నో. కుండలు కొనే చెవితోని కమాన్లు చూస్తదట అని డ్రైవర్‌కు సుత చెప్పి నవ్విన. పట్టీల కట్ట ఇప్పి చూస్తె, వాటిని బిగించే క్లిప్పు కింద ఎంట్రుకంత పగులు. నాకు ముందుగాలే అనుమానం ఉండె అన్న డ్రైవర్‌తోని. ఆమె లైటు అట్లనే పట్టుకోని ఉన్నది, చెయ్యి కదలలే. రెండేండ్లు గట్లనే నడిచింది, ఆమె గాజులు రెండుసార్లు కదిలిస్తె పగిలినట్టు, ఊకుంటె బాగున్నట్టు, చెప్పేది నేను, పేరు నాది. తర్వాత చర్లపల్లి లారీ డ్రైవర్ తిరుమల్ అని ఉన్నడు, వాడు టైరు మీద కూసోని చూసి చూసి, అన్నా, గాజులు చెప్తున్నయి, నువ్వు జెప్తలేవు అన్నడు. ఇగ అయిపోయింది. పది దినాల్ల రాణిగంజ్ మొత్తానికి తెలిసింది.

నాకు కుళ్లు అని నేనే ఒప్పుకుంట, దాసుడెందుకు. పక్క దుకాణపోని మీద కుళ్లుకుంటె వాని మొఖం చూడకుండ ఉండొచ్చు, దుకాణం ముంగట నుంచి పోకుండ తిరిగిపోవచ్చు. పెండ్లాం మీద కుళ్లుకుంటె ఏడికి పోతవ్. ఆమె వండిందే తినాలె, ఆమె పక్కకే పండుకోవాలె, పండుకుంటె ఆమెకు గడియారం టిక్కుటిక్కు వినవడ్తదని, గోడ అవతల నల్లా చుక్కలు వినవడ్తయని నాకు తెల్సు, ఆ చెవులు అట్ల తెరుసుకోని ఉంటయి నా పక్కన, ఊకనే, ఎవల్ని కష్టవెట్టకుండ వచ్చిన చెవులు. నేను దెబ్బలు తిన్న, చేతులు కాల్చుకున్న, ఉస్తాద్ చెప్పులు మోసిన. ఆమె కుండలు కొన్నది. డ్రైవర్లు ఆమె వస్తె లేస్తరు, నేను వస్తె జరుగుతరు. సలాం అమ్మా అంటరు, నాకు ఏం భాయ్ అంటరు. ఒకనాడు ఆమె చిలకలగూడల చెల్లె షీబా ఇంటికి పోయినప్పుడు నేను తలుపు గొండ్లెం పెట్టుకోని వంటింట్ల కుండలు, గిన్నెలు, ఆఖరికి పింగాణి కప్పులు సుత వరుసగ పెట్టి ఏలుతోని కొట్టుకుంట కూసున్న, ఎడమ చెవి ఆనిచ్చి, గంటసేపు. పగిలిన కప్పు ఒకటి ఉండె, అది ఏదో కంటితోనే పట్టిన. ఆమె వచ్చి గిన్నెలు అటుఇటు అయినయేంది అన్నది, ఎలుక తిరిగింది అన్న. ఎలుకనే, ఇంకేంది.

ఏం తోచక పడుకోని కండ్లతోని బండిని చూస్తున్న. ఎడమపక్క రెండు కమాన్లు, ముందు చక్రానికొకటి, ఎనక చక్రానికొకటి, ఒకటే వరుసల. రెండిటి నడుమ పొట్టి ఇనుప దిమ్మె ఒకటి ఏలాడుతది, ముందు కమాన్ తోక ఈ కొసకు, ఎనక కమాన్ మూతి ఆ కొసకు, నడుమ పిన్ను. ఉస్తాద్ దాన్ని తరాజు, అంటె త్రాసు, అనెటోడు. ముందు చక్రం గుంతల దిగితె ఈ కొస దిగుతది ఆ కొస లేస్తది, బరువు రెండు ఇరుసుల మీద సగం సగం పంచుకుంటది. నేల సమానంగ ఉంటె తరాజు సుత సమానంగ ఉండాలె. కుడిపక్కది ఉన్నది. ఎడమపక్కది ఒరిగి ఉన్నది, ముందు కొస మీదికి, ఎనక కొస కిందికి. చక్రాలు ఊడదీసి బండిని స్టాండ్ల మీద నిలవెట్టినం గదా, ఇగ దేని బరువు లేదు, అయినా ఒరిగే ఉన్నది. సుత్తి పక్కన పెట్టిన. రాడ్డు తీసుకోని మెల్లగ సందుల దూర్చి ఎత్తిన, కదలలే. ఇంకింత ఎత్తిన, బండి లేస్తది గని అది తిరగదు. ఏలుతోని పిన్ను కొస తడిమిన. చిన్న బొడిపె తగిలింది. బోల్టు తల అనుకున్న, రెండుసార్లు గూడ దీని ముంగట గిట్లనే పండుకోని బోల్టు తలే అనుకున్న. గోరుతోని గీకిన. నీలం రంగు లేసింది. దాని కింద పసుపు. దాని కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళ నీలం. నోవహు సారు ప్రతి క్రిస్మస్‌కు ఇంటికి రంగేసినట్టు బండికి సుత ఏస్తడు, తానే బ్రష్ పట్టుకోని కింద దూరి ఏస్తడు, దేవుని పనికి పోయే బండి అడుగున గూడ అందంగ ఉండాలని. నాలుగైదు క్రిస్మస్‌లు గోర్ల కిందికి వచ్చినంక లోపల చిన్న రంధ్రం కనవడ్డది. గ్రీజు నిప్పిల్. గ్రీజు పెట్టే నోరే రంగుతోని మూసుకపోయింది. ఎన్నేండ్ల సంది గ్రీజు పోలేదో, పిన్ను తుప్పు పట్టి బిగుసుకపోయింది, తరాజు ఒక దిక్కుకు ఒరిగి నిలవడ్డది, బరువంత ఎనక కమాన్ మీదనే పడ్తున్నది. మూడో పట్టీ పగలక ఏం జేస్తది. మందం పట్టీ కాదు, రైలు పట్టా ఏసినా పగుల్తది.

దొరికింది. నాకు. చెవి అక్కర లేకుండ, ఏలుతోని దొరికింది. నోరు తెరిచిన చెప్తామని. తెరిచి మూసుకున్న. ఎందుకంటె అప్పుడే నోవహు సారు బయట, మీరు నెమ్మదిగా చూడండమ్మా, మీరు చూశాక ఇక నాకు దిగులు లేదు అన్నడు. మీరు చూశాక. సరే సారు, చూడనీ. చెప్పకుంటె ఏమైతది? ఆమె మూడో పట్టీ పగిలింది అంటది, కరెక్టే అంటది, మారుస్తం, బండి పోతది. రెండు నెలలకు మళ్ళ పగుల్తది. అప్పుడు ఆమె చేతి మీద పగుల్తది. అమ్మగారు చూసినా పగిలిందట అంటడు ఈయన, తిరుమల్ గాడికి తెలుస్తది, రాణిగంజ్‌కు తెలుస్తది. నేను రెండుసార్లు పోగొట్టుకున్న పేరు, ఆమె ఒక్కసారన్న పోగొట్టుకోవాలె గదా. ఆ పేరు పోతె ఆమె మళ్ళ ఇంట్ల కూసుంటది, నా అంగీ పిండుతది, నేను ఒక్కన్ని పనికొస్త. పైంగ ఇప్పుడు చెప్తె ఏమైతది, మరి రెండుసార్లు నీకెందుకు కనవడలే కలీం భాయ్ అంటడు. చెప్పకుండుడే మేలు. ఊపిరి సుత మెల్లగ తీసుకుంటున్న. పట్టీ పగిలితె ఇరుసు జరుగుతది, జీపు ఎనక అంత జనరేటర్ అడ్డం తిరుగుతది, రోడ్డు మీద పిల్లలుంటరు, ముసలోల్లుంటరు, అది సుత తెల్సు నాకు. రెండు నెలలకు గదా, ఈ లోపల నేనే వచ్చి ఏదన్న సాకు చెప్పి గ్రీజు కొట్టిపోత, ఆమె పేరు పోయేంత పగిలితె చాలు, మనుషులకేం గావద్దు. గింత లెక్క కట్టినంక నామీద నాకే అసహ్యం పుట్టింది. అయినా నోరు తెరవలే.

టంగ్. టంగ్. అదే పట్టీ. దొరికింది గదా ఆమెకు సుత, మూడోది, చెప్పు మడిమె లేసింది నేను చూసిన, ఇగ లేచి చెప్పరాదు. టంగ్. మళ్ళ అదే. ఎందుకు కొడ్తున్నవ్ బీ, ఎంత ముద్దుగ వినవడ్తున్నదా నీకు ఆ దగ్గు, మూడుసార్లు, నాలుగుసార్లు, నాకు వినవడదని తెల్సి నా తలకాయ మీద వాయిస్తున్నవా. ఆరు. ఎక్కువాయె నీకు. ఒకప్పుడు సిగ్గుపడుతుండె, గాజులు కదిలించనీకి సుత భయపడుతుండె, ఇప్పుడు సారు ముంగట సోకులు. ఎనిమిది. ఆగి ఆగి కొడ్తున్నది, నడుమ నడుమ నిమ్మళంగ కూసుంటున్నది, మళ్ళ ఒకటి. నేను ఎల్లెలకల పండుకోని రంగు పొట్టు మొఖం మీద పడ్తుంటె తుడుసుకోకుండ లెక్కవెట్టిన. పదకొండు కొట్టింది. అటెన్క సుత్తి కింద పెట్టిన చప్పుడు. నేను బయటికి జరిగిన, మోచేతులు తుడుసుకున్న, గోర్లు అంగీ ఎనక దాసుకున్న.

నోవహు సారు లేచి నిలవడ్డడు, నా దిక్కు గాదు, ఆమె దిక్కు.

"ఏం తేలిందమ్మా?"

"మూడో పట్టీ పగిలింది సారు. క్లిప్పు కింద, మీదికి కనవడదు."

"సరే, మార్చేయండి మరి."

"మారుస్తం. మారిస్తె మళ్ళ పగుల్తది."

"అదేంటమ్మా, ఎందుకని?"

"నాకు తెల్వదు సారు. పగిలింది వినవడ్తది గని, ఎందుకు పగిలిందో నాకు వినవడదు. ఆయనకు దొరికింది. ఆయన్ని అడుగుర్రి."

నేను దొరికిందని చెప్పలే. ఆయన నా దిక్కు తిరిగిండు, ఆమె తిరగలే, సుత్తికి అంటిన తుప్పు బొటనేలుతోని తుడుస్తున్నది. అబద్ధం ఆడొచ్చు ఇంక, ఏం దొరకలే అనొచ్చు, అంటె నోవహు సారు నన్ను నమ్మడు, ఆమెనే నమ్ముతడు, ఆ గొప్ప సుత ఆమెకే పోతది. ఇగ సారూ రాండ్రి అని చెయ్యి పట్టి వంగవెట్టి తరాజు చూపించిన. రంగు కింద గ్రీజు నోరు చూపించిన. రెండుసార్లు నేనే చూడలే సారు, తప్పు నాదే, బోల్టు అనుకున్న అన్న. ఆయన మోకాళ్ళ మీద కూసోని ఆ నీలం పొట్టు ఏలుతోని ముట్టుకున్నడు, నేనే కదండీ వేసింది, లోపల కూడా శుభ్రంగా ఉండాలని రెండేసి కోటింగులు వేశాను అన్నడు, మొఖం చిన్నగ అయింది పాపం. గ్రీజు గన్ను, కిరోసిన్ తెస్తానని జీపు కాడికి పోయిండు.

ఇద్దరమే మిగిలినం. నీకెట్ల తెల్సు అన్న.

"నీ సుత్తి ఆగింది," అన్నది. "ఏం దొరక్కపోతె నువ్వు తిడ్తవ్, బండినన్న, నన్నన్న. ఆగినంక తిట్టు రాలే. సరే, ఇప్పుడు చెప్తవ్, ఇప్పుడు చెప్తవ్ అని అదే పట్టీ కొట్టుకుంట కూసున్న."

పదకొండుసార్లు. నాకోసం కొట్టింది అవి. కింద పండుకోని ఆమెను ఎన్ని మాటలన్నన్నో మనసుల, అవి సుత వినవడ్డయేమో అని భయమైంది. ఇగ దాసేదేముందని చెప్పేసిన. చెప్పొద్దనే ఆగిన బీ అన్న. మళ్ళ పగిలి నీ పేరు పోవాలెనని ఆగిన.

ఆమె కోపం జేస్తదనుకున్న. తల జెర పక్కకు వంచింది, నేను చెప్పింది తనకే తప్పు వినవడ్డదేమో అన్నట్టు.

"నా పేరా?" అన్నది. "నా పేరు ఏడున్నది, పోనీకి? దుకాణం బోర్డు మీద ఉన్నది నీదే."